అరవై ఆరంటే ఫస్ట్ క్లాసే కదా

కెనడాలోని బ్రాంప్టన్‌లో చదువుకోవడానికొచ్చిన తెలుగు పిల్లలందరూ సరోజ గారిని మార్కుల ఆంటీ అనేవాళ్ళు. ఆ పేరు ఆమెకూ తెలుసు. ఎవరైనా కొత్తవాళ్ళు ఫోన్ చేసి, "మార్కుల ఆంటీయేనా అండీ?" అని అడిగితే, "ఆఁ, నేనేనమ్మా, చెప్పు," అనేది నవ్వుతూ.

నేను ఆమెను మొదటిసారి చూసింది 2021 డిసెంబరులో. ఖమ్మం నుంచి వచ్చి నాలుగు నెలలయింది. కాలేజీలో మొదటి సెమిస్టర్ ఫలితాలొచ్చాయి. అకౌంటింగ్‌లో బి మైనస్ అని ఉంది. ఇంటికి ఫోన్ చేసి చెబితే, "మైనస్ ఏంటమ్మా, మార్కులు తీసేశారా?" అన్నారు మా నాన్న. నాకూ తెలీదు. మా బేస్‌మెంట్‌లో ముందు ఉండి వెళ్ళిన అమ్మాయి చెప్పింది, శనివారం పొద్దున లైబ్రరీలో ఒక ఆంటీ కూర్చుంటుంది, వెళ్ళి అడుగు అని.

వెళ్ళాను. రెండో అంతస్తులో కిటికీ పక్కన బల్ల దగ్గర, ముతక నూలు చీర మీద స్వెట్టరు, దాని మీద ఇంకో స్వెట్టరు వేసుకుని కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి. నా ముందు ఐదుగురున్నారు. నా వంతు రాగానే నా ఫోన్ తీసుకుని చూసి, "మైనస్ అంటే తీసేయడం కాదమ్మాయ్. ఇంటికి మూడు మెట్లున్నాయనుకో, నువ్వు బి అనే ఇంటి కింది మెట్టు మీదున్నావు. మీ కాలేజీ లెక్కలో డెబ్భై నుంచి డెబ్భై రెండు. మీ నాన్నగారికి డెబ్భై ఒకటి అని చెప్పు, ఆయన నిద్రపోతారు," అంది.

మా నాన్న నిజంగానే ఆ రోజు హాయిగా ఉన్నారు. అప్పట్నుంచి శనివారాలు పని లేనప్పుడల్లా నేనూ అక్కడికి వెళ్ళేదాన్ని. వచ్చినవాళ్ళను వరసలో కూర్చోబెట్టడం, వాళ్ళ మెమోలు ఫొటోలు తీసి పెద్దవి చేసి ఆమెకు చూపించడం, ఇలాంటివి చేసేదాన్ని. మధ్యలో ఖాళీ దొరికినప్పుడు ఆమె తన సంగతులు చెప్పేది. ఒకేసారి చెప్పలేదు. ఒక్కో శనివారం ఒక్కో ముక్క.

ఆమెది రాజమండ్రి. 1984లో ఎమ్మెస్సీ లెక్కలు. వచ్చినవి అరవై మూడు శాతం. "అరవై మూడేనా?" అన్నాను నేను ఆశ్చర్యంగా. ఇంజనీరింగ్‌లో మా బ్యాచ్‌లో ఎనభైకి తగ్గినవాళ్ళు లేరు మరి.

"మా రోజుల్లో మార్కులు రక్తం కార్చినట్టు వేసేవారమ్మా. ఆ ఏడు యూనివర్సిటీ మొత్తానికి ఫస్ట్ క్లాసులు నాలుగే. అందులో నాది రెండోది. మా ప్రిన్సిపాల్ గారు ఇంటికొచ్చి మా నాన్నగారికి చెప్పారు," అంది.

పన్నెండేళ్ళు ఆడపిల్లల కాలేజీలో పాఠం చెప్పింది. 1996లో భర్త రామమోహనరావు గారితో కెనడా వచ్చింది. ఆయన మెకానికల్ ఇంజనీరు. కారు విడిభాగాల ఫ్యాక్టరీలో తనిఖీ పనిలో చేరి అక్కడే రిటైరయ్యారు. ఆమెకు ఇక్కడా టీచరు కావాలని కోరిక. టీచర్ ట్రెయినింగ్‌కి అప్లై చేస్తే, మీ డిగ్రీని ఇక్కడి గ్రేడుల్లోకి మార్పించి తెమ్మన్నారు. మార్పిస్తే సి ప్లస్ అని వచ్చింది. సీటుకి కనీసం బి కావాలి.

"అరవై మూడంటే వాళ్ళకి అరవై మూడే. ఆ ఏడు ఎంతమందికి ఎంతొచ్చిందో వాళ్ళెవరూ అడగలేదు," అంది ఆంటీ. ర్యాంకు వచ్చినట్టు ఉత్తరం ఇవ్వండని తను చదివిన యూనివర్సిటీకి రాసింది. ఒకటి కాదు, రెండేళ్ళలో ఆరేడు ఉత్తరాలు. జవాబు రాలేదు. మూడో ఏడు అడగడం మానేసి ఒక ఎలిమెంటరీ స్కూల్లో పిల్లలు అన్నం తినేటప్పుడు కాపలా ఉండే పనిలో చేరింది. తర్వాత అదే స్కూలు ఆఫీసులో గుమాస్తా అయింది. పదిహేనేళ్ళు అవతలివాళ్ళ పిల్లల రిపోర్ట్ కార్డులు కంప్యూటర్లోకి ఎక్కించింది.

ఆ రిపోర్ట్ కార్డులే ఆమెను మార్కుల ఆంటీని చేశాయి. స్కూల్లో మార్కులు లెవెల్ వన్ నుంచి లెవెల్ ఫోర్ దాకా ఉండేవి. మనవాళ్ళు లెవెల్ త్రీ చూసి, నాలుగింట మూడంటే మా వాడు వెనకబడ్డాడేమోనని బెంగపెట్టుకునేవాళ్ళు. లెవెల్ త్రీ అంటే ఆ తరగతికి కావలసింది వచ్చినట్టేనని, డెబ్భైల్లో ఉన్నట్టని ఆమె గుడి దగ్గరా పెళ్ళిళ్ళలోనూ చెప్పి చెప్పి అందరికీ తెలిసిన మనిషయింది. 2017లో రిటైరయింది. సరిగ్గా అప్పుడే మాలాంటి పిల్లలు రావడం మొదలుపెట్టారు. ముందు పదుల్లో, తర్వాత వందల్లో. ప్రతి బేస్‌మెంట్‌లోనూ నలుగురు, ఆరుగురు. ఒక్కో కాలేజీది ఒక్కో పద్ధతి. ఒకచోట నాలుగుకి లెక్క, ఒకచోట పన్నెండుకి లెక్క, ఒకచోట ఉత్త శాతాలు. తొమ్మిది పాయింట్ల సీజీపీఏతో వచ్చిన పిల్లలు మొదటి పరీక్షలో అరవై చూసి ఏడ్చేవాళ్ళు. ఆమె వాళ్ళందరికీ ఓపిగ్గా చెప్పేది. అయిదేళ్ళలో ఎన్ని వందలమందికి చెప్పిందో.

చరితను ఆమె దగ్గరికి తీసుకెళ్ళింది నేనే.

చరితది జగిత్యాల. 2022 సెప్టెంబరులో వచ్చి మా బేస్‌మెంట్‌లో నా గదిలోనే దిగింది. మేమంతా డిప్లొమాలకు వచ్చినవాళ్ళం. తను మాత్రం బస్సులో గంటన్నర దూరంలో ఉన్న ఒక యూనివర్సిటీలో ఎం.ఇంజ్‌కి, అంటే ఇంజనీరింగ్‌లో మాస్టర్స్‌కి వచ్చింది. మాలో తెలివిగలది తనే. తక్కువ మాట్లాడేది. పొద్దున అయిదింటికి లేచి టిఫిన్ డబ్బా కట్టుకుని, ఊళ్ళ మధ్య తిరిగే గో బస్సెక్కేది. వారంలో మూడు రోజులు వేర్‌హౌస్‌లో పెట్టెలు సర్దేది.

అక్టోబరు చివర్లో ఒక కోర్సు మిడ్‌టర్మ్‌లో యాభై ఎనిమిది వచ్చింది. "అక్కా, ఈ కోర్సు డ్రాప్ చేద్దామా అనిపిస్తోంది. ఇంకో పది రోజులు టైముంది. ఇప్పుడు వదిలేస్తే ఫెయిల్ అని పడదంట," అంది.

"ఆంటీని అడుగుదాం," అన్నాను.

ఆ శనివారం ఇద్దరం వెళ్ళాం. ఆంటీ అంతా విని, "యాభై ఎనిమిదా? ఇక్కడ పాసు మార్కు యాభై. నువ్వు దాటే ఉన్నావు. డ్రాప్ చేస్తే ట్రాన్స్‌క్రిప్ట్ మీద డబ్ల్యూ అని, మధ్యలో మానేసినట్టు పడుతుంది, రేపు ఉద్యోగమిచ్చేవాడు అదేంటని అడుగుతాడు. పైగా కోర్సులు తగ్గితే నీ స్టడీ పర్మిట్‌కి ఇబ్బంది. చదువు, ఫైనల్‌లో అరవై దాటిస్తావు. అరవై దాటితే ఇంకేం కావాలి?" అంది.

చరిత ఆలోచించి, "యూనివర్సిటీ అడ్వైజర్‌ని కూడా ఒకసారి అడగనా ఆంటీ?" అంది.

"అడుగు తల్లీ, తప్పులేదు. కానీ అపాయింట్‌మెంట్ దొరికేసరికి నీ పది రోజులూ అయిపోతాయి."

అదీ నిజమే. మూడు వారాల తర్వాత గాని దొరకదన్నారు. చరిత కోర్సు డ్రాప్ చేయలేదు.

డిసెంబరులో ఫలితాలొచ్చాయి. డెబ్భై నాలుగు, డెబ్భై ఒకటి, ఆ కోర్సులో అరవై ఆరు. ఫెయిల్ అని ఎక్కడా లేదు, ఉత్త అంకెలు. ఆంటీకి ఫోన్ చేస్తే స్పీకర్లో ఆమె గొంతు గదంతా వినబడింది. "చెప్పలేదూ నేను? అరవై ఆరంటే ఫస్ట్ క్లాసే కదా! మీ అమ్మకి చెప్పు, సంతోషిస్తుంది."

వాళ్ళమ్మ సంతోషించింది. ఆ రోజు చరిత సేమ్యా పాయసం చేసింది.

జనవరిలో డిపార్ట్‌మెంట్ నుంచి ఒక మెయిల్ వచ్చింది. నాలుగు లైన్లు. మీ స్టాండింగ్ కండిషనల్ అని, వివరాలకు క్యాలెండర్ చూడండని. క్యాలెండర్ అంటే తేదీలని అనుకున్నాం ఇద్దరమూ. యూనివర్సిటీ నియమాల పుస్తకాన్ని ఇక్కడ క్యాలెండర్ అంటారని అప్పటికి మాకు తెలీదు. చరిత మళ్ళీ ఆంటీకి ఫోన్ చేసింది. ఆంటీ, "కండిషనల్ అంటే ఆవరేజ్ కొంచెం పెంచుకోమని. అందరికీ పంపుతారు," అంది. మెయిల్ చూపించమని అడగలేదు. మేమూ చదివి వినిపించలేదు.

ఆ చలికాలం చరిత వేర్‌హౌస్‌లో ఎక్కువ గంటలు చేసింది. అందరమూ చేశాం, ఆ ఏడాది చదువుకునేవాళ్ళు వారానికి ఇన్ని గంటలే పనిచేయాలన్న పరిమితి తీసేశారు. ఏప్రిల్లో రెండో సెమిస్టర్ ముగిసింది. ఒక కోర్సులో డెబ్భై ఎనిమిది, ఒకదాంట్లో డెబ్భై మూడు, మూడోదాంట్లో అరవై ఎనిమిది.

మే రెండో వారంలో ఉత్తరం వచ్చింది. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి చరిత మంచం మీద కూర్చుని ఉంది. ఫోన్ నా చేతికిచ్చింది. గ్రాడ్యుయేట్ విద్యార్థులకు డెబ్భై కంటే తక్కువ వస్తే ఆ కోర్సు తప్పినట్టే లెక్క అని, రెండు కోర్సులు తప్పారు గనుక ప్రోగ్రామ్ నుంచి తప్పుకోవాలని రాసి ఉంది.

"యాభై కాదా అక్కా పాసు?" అంది.

యాభై డిగ్రీ పిల్లలకి. మాస్టర్స్‌కి కాదు. మా టేబుల్ దగ్గరికి వచ్చినవాళ్ళంతా స్కూలు పిల్లలు, డిప్లొమా పిల్లలు, డిగ్రీ పిల్లలు. మాస్టర్స్ వాళ్ళు ఎప్పుడో ఒకరిద్దరు వచ్చినా మార్కులు బాగానే ఉన్నవాళ్ళు. ఆ గీత ఎక్కడుందో ఆంటీకి ఎప్పుడూ అవసరం పడలేదు. ఆమె ఇక్కడి యూనివర్సిటీలో అడుగుపెట్టలేదు కూడా, పెట్టనివ్వలేదు కదా.

సంగతి నేనే ఆంటీ ఇంటికి వెళ్ళి చెప్పాను. ఆమె వంటింట్లో నిలబడి ఉంది. రెండుసార్లు అడిగింది, డెబ్భయ్యా, డెబ్భయ్యా అని. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని ఆ క్యాలెండర్ తెరిచి వెతికింది. అరగంట పట్టింది. దొరికాక ఆ ఒక్క వాక్యాన్ని పైకి చదివింది. మళ్ళీ చదివింది. అంకుల్ వెనక నిలబడి ఆమె భుజం మీద చెయ్యేస్తే విదిలించేసింది.

"ఆ పిల్ల అడ్వైజర్‌ని అడుగుతానంది. నేను ఆపాను," అంది.

అప్పీలుకి మూడు వారాల గడువిచ్చారు. ఆంటీ ఆ మూడు వారాలూ చరితతోనే కూర్చుంది. ఆరు పేజీల ఉత్తరం రాసింది. అందులో భారతదేశంలో అరవై శాతమంటే ఏమిటో, ఒక్కో యూనివర్సిటీలో మార్కులు ఎలా వేస్తారో, అక్కడి నుంచి వచ్చిన పిల్లకు అరవై ఆరు కనబడితే ఏమనుకుంటుందో, అన్నీ ఉన్నాయి. చివర్లో, కోర్సు వదలొద్దని సలహా ఇచ్చింది నేను, తప్పు నాది, శిక్ష ఈ అమ్మాయికి వేయకండి, అని రాసి సంతకం పెట్టింది.

జూన్‌లో మాట్లాడ్డానికి పిలిచారు. తోడుగా ఒకరు రావచ్చన్నారు. అంకుల్ కారులో నలుగురం వెళ్ళాం. నేనూ అంకులూ బయట వరండాలో కూర్చున్నాం. ఆంటీ పట్టుచీర కట్టుకుంది. ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్తున్నట్టుంది. లోపల జరిగింది చరిత నాకు తర్వాత చెప్పింది.

ముగ్గురున్నారట. మధ్యలో ఉన్నావిడ చాలా మర్యాదగా మాట్లాడిందట. ఉత్తరం పూర్తిగా చదివానంది, బాగా రాశారంది. తర్వాత ఆంటీ వైపు తిరిగి, "మీరు అకడమిక్ అడ్వైజరా?" అని అడిగింది.

"కాదు."

"ఈ యూనివర్సిటీతో మీకేమైనా సంబంధం ఉందా?"

"లేదు."

"ఈ అమ్మాయికి బంధువా?"

"నేను లైబ్రరీలో కూర్చుంటాను," అందట ఆంటీ.

ఆవిడ తలూపి, నియమాలు తెలుసుకోవడం విద్యార్థి బాధ్యత అని, జనవరిలో పంపిన మెయిల్లో క్యాలెండర్ చూడమని చెప్పామని, ఇంకెవరో చెప్పిన సలహాను కమిటీ లెక్కలోకి తీసుకోలేదని అంది. ఆరోగ్యం బాగాలేకపోవడం, ఇంట్లో చావు, ఇలాంటివేమైనా ఉన్నాయా అని చరితను అడిగింది. చరిత లేవంది. అబద్ధమాడొచ్చు. ఆడలేదు.

పది రోజులకి జవాబొచ్చింది. మార్పు లేదని.

ఇంకెక్కడైనా చేరదామని చూశాం. మూడు యూనివర్సిటీలకు అప్లై చేసింది. ప్రతి ఫారంలోనూ ఒకే ప్రశ్న ఉంది, ఇంతకుముందు ఏ ప్రోగ్రామ్ నుంచైనా తప్పుకోమన్నారా అని. అవునని పెట్టింది. రెండు చోట్ల కాదన్నారు, మూడోవాళ్ళు జవాబే ఇవ్వలేదు. చిన్న కాలేజీలో డిప్లొమాకి సీటిస్తామన్నారు గాని, మళ్ళీ మొదటి నుంచి ఫీజు కట్టమని ఇంట్లో అడగడానికి చరిత ఒప్పుకోలేదు.

వెళ్ళేముందు ఆంటీ ఇంటికి వెళ్ళి చెప్పి వద్దామంది. నేనూ వెళ్ళాను. ఆంటీ భోజనం పెట్టింది. దోసకాయ పప్పు, గుత్తివంకాయ. ఎవరమూ సరిగ్గా తినలేదు. చేతులు కడుక్కున్నాక ఆంటీ చరిత ముందు కూర్చుంది.

"నన్ను తిట్టు తల్లీ," అంది.

"ఎందుకు ఆంటీ? మీరు చెప్పకపోయినా నేను డ్రాప్ చేసేదాన్నో లేదో."

"చేసేదానివి. నీకు అనుమానమొచ్చింది, నాకు రాలేదు. ఎందుకు రాలేదో ఈ మూడు నెలలుగా ఆలోచిస్తున్నా. నా అరవై మూడుని వీళ్ళు సి ప్లస్ అన్నారు. అప్పట్నుంచీ అరవై దాటినవాళ్ళు ఎవరు కనబడినా, బాగా వచ్చాయమ్మా అని చెప్పాలనిపిస్తుంది నాకు. నీకు చెప్పలేదు నేను. నాకు నేను చెప్పుకున్నాను." ఆమె ఏడవలేదు. లెక్క తప్పెక్కడ వచ్చిందో బోర్డు మీద చూపించినట్టు చెప్పింది.

చరిత వంగి ఆమె కాళ్ళకు దణ్ణం పెట్టబోతే, ఆంటీ కాళ్ళు వెనక్కి తీసుకుంది.

సెప్టెంబరులో చరిత వెళ్ళిపోయింది. కొన్నాళ్ళు మెసేజ్‌లకు జవాబిచ్చేది. హైదరాబాద్‌లో ఇంటర్వ్యూలకు వెళ్తే మధ్యలో ఈ ఏడాది ఏంచేశావని అడుగుతున్నారంది. ఏం చెప్తున్నావని అడిగాను. ఆరోగ్యం బాగాలేదని చెప్తున్నానంది. తర్వాత నంబరు మార్చేసింది.

ఆంటీ మాత్రం ఊరుకోలేదు. తన దగ్గరికి వచ్చిన పిల్లల పేర్లూ నంబర్లూ ఆమె ఫోన్లో ఉండేవి. ఆ ఆకురాలు కాలమంతా కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. "నేను నీకేం చెప్పానమ్మా? అది సరిపోయిందా?" అని అడిగేది. చాలామంది నంబర్లు పనిచేయలేదు. కొందరికి ఆమె ఎవరో గుర్తులేదు. మంచే జరిగింది ఆంటీ అన్నవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ మాట ఆమె నమ్మలేదు. ఎడ్మంటన్ నుంచి ఒకతను, "మీరు కోర్సు వదలక్కర్లేదన్నారు గాని నేను కాలేజీలో కనుక్కుని వదిలేశాను ఆంటీ, మంచిదయింది," అన్నాడట, నవ్వుతూ. ఆ రోజు ఫోన్లు ఆపేసింది.

లైబ్రరీకి రావడం కూడా మానేసింది. రెండు మూడు శనివారాలు నేను ఒక్కదాన్నే వెళ్ళి కూర్చున్నాను. వచ్చినవాళ్ళకి మీ కాలేజీ క్యాలెండర్ తెరవండి, ఆ పేజీ చదవండి అని చెప్పేదాన్ని. వాళ్ళకి అది నచ్చలేదు. ఆంటీ లేదా అని అడిగి వెళ్ళిపోయేవాళ్ళు. తర్వాత నాకూ శనివారం షిఫ్టు పడింది. 2024 వచ్చేసరికి పర్మిట్లు తగ్గించేశారు, కొత్తగా వచ్చే పిల్లలే తగ్గిపోయారు. మా బేస్‌మెంట్‌లో రెండు మంచాలు ఖాళీ.

మొన్న నవంబరులో ఆంటీని చూడ్డానికి వెళ్ళాను. చిక్కిపోయింది. అంకుల్ టీ పెట్టారు, ఆమె చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. నా పర్మనెంట్ రెసిడెన్సీ గురించి అడిగింది. పాయింట్లు సరిపోవట్లేదన్నాను. ఎన్ని పాయింట్లు, ఎంత తగ్గాయి అని అడుగుతుందనుకున్నాను. ఇదివరకైతే కాగితం తీసుకునేది. తలూపి ఇంకో చిక్కుడుకాయ తీసుకుంది.

అంతలో ఫోన్ మోగింది. ఎవరో నిజామాబాద్ నుంచి. వాళ్ళమ్మాయి కొత్తగా వచ్చిందట, మొదటి పరీక్షలో అరవై రెండు వచ్చాయట, మంచివేనా చెడ్డవా, మీరు చెప్తారని ఎవరో నంబరిచ్చారట. ఆ తల్లి గొంతు నాకు కూడా వినబడుతోంది.

అవతలివాళ్ళు హలో, హలో అంటున్నారు.

"నాకు తెలీదమ్మా," అంది ఆంటీ చివరికి. "పిల్లని అక్కడ యూనివర్సిటీ వాళ్ళనే అడగమనండి. ఇవాళే అడగమనండి."

ఫోన్ పెట్టేసి, చిక్కుడుకాయల గిన్నె దగ్గరికి లాక్కుంది. టీ చల్లారిపోతోందని అంకుల్ అన్నారు. ఆమె వినలేదు. నేను నా కప్పు తాగేసి, బస్సు టైమయిందని లేచాను.